మనోడే చెప్పాడు

శుక్రవారం మధ్యాహ్నం బహ్రెయిన్ రాజధాని మనామాలోని గుదైబియా వీధుల్లో ఓ చుట్టు తిరిగితే చాలు, పత్రిక చదవక్కర్లేదు. జగిత్యాల, నిజామాబాద్, కడప, రాజోలు యాసలన్నీ ఒకే చాయ్ హోటల్ ముందు నిలబడి మాట్లాడుకుంటుంటాయి. వారమంతా సైట్ల మీద ఎండకు మాడి, ఆ ఒక్కపూట ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చినవాళ్లు. యోగక్షేమాలు అయ్యాక రెండో మాట ఎప్పుడూ ఒకటే.

“ఈసారి ఆమ్నెస్టీ పెడ్తరట.”

“ఎవరన్నరు?”

“మనోడే. ఎంబసీల ఉంటడు.”

ఆ మనోడు ఎంబసీలో ఏం చేస్తాడో ఎవరూ అడగరు. అడిగితే పుకారు చచ్చిపోతుంది, అది ఎవరికీ ఇష్టం లేదు.

వీళ్లను చూసి నవ్వడం తేలికే గాని, ఈ పుకారుకు ఓ మర్యాద ఉంది. అది నిజమైన సందర్భాలున్నాయి. 2015 జులై నుంచి ఆ ఏడాది చివరిదాకా, మళ్లీ కరోనా కాలంలో 2020 ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా, కాగితాలు లేనివాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి పోవచ్చని, లేదా కాగితాలు సరిచేసుకుని ఇక్కడే ఉండొచ్చని బహ్రెయిన్ ప్రభుత్వం ప్రకటించింది. 2019 ఆగస్టులో మోదీ వచ్చినప్పుడు 250 మంది భారతీయ ఖైదీలకు క్షమాభిక్ష కూడా దొరికింది. మరి డిసెంబరు 16 జాతీయ దినోత్సవం దగ్గరపడితే మనవాళ్ల చెవులు నిక్కబొడుచుకోవడంలో తప్పేముంది? తప్పల్లా ఆ నమ్మకానికి అయ్యే ఖర్చులోనే. “వచ్చే నెల పెడ్తరట, ఇంకో నెల ఆగుదాం” అనుకుంటూ ఆగిన నెలల్లోనే ఒక చెల్లెలి పెళ్లి, ఒక తండ్రి దినాలు దాటిపోతాయి.

అసలు వీళ్లకు కాగితాలు ఎలా పోయాయన్నది వేరే కథ. దాని పేరు ఆజాద్ వీసా. అలాంటి వీసా ఏ చట్టంలోనూ లేదు, కానీ ఊళ్లో ఏజెంటు దగ్గర దానికి ధర ఉంది. ఇక్కడ ఎవరో ఒక చిన్న దుకాణం పెట్టినట్టు సీఆర్, అంటే వ్యాపార రిజిస్ట్రేషన్, తీస్తాడు. ఇద్దరికి సరిపోయే దుకాణానికి అయిదారుగురి పేర పర్మిట్లు తెచ్చి అమ్ముకుంటాడు. కొనుక్కున్నవాడు ఆ దుకాణం గడప కూడా తొక్కడు. బయట ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకుంటాడు. రెండేళ్లకు రెన్యూవల్ డబ్బు ఇవ్వలేకపోతే కఫీల్, అంటే కాగితాల మీది యజమాని, వెళ్లి “నా మనిషి పారిపోయాడు” అని రాసిస్తాడు. అంతే, నిన్నటిదాకా ఆజాద్, ఇవాళ ఖల్లివల్లి, అంటే కాగితాలు లేనివాడు. పర్మిట్ కోసం కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోవడం ఇక్కడి 2006 నాటి చట్టం ప్రకారమే నేరం. కానీ ఫిర్యాదు చేయాల్సినవాడు తానే కాగితాలు లేనివాడైతే ఠాణా మెట్లెక్కి ఏమని చెబుతాడు? దొంగలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

సర్కారుకు తెలియక కాదు. కార్మికుణ్ని కఫీల్‌కు కట్టిపడేసే ఈ కఫాలా పద్ధతి బానిసత్వం లాంటిదని 2009లో అప్పటి కార్మిక మంత్రి మజీద్ అల్ అలావీయే అన్నాడు. యజమాని ఒప్పుకోకపోయినా పని మారొచ్చని ఆ ఏడాదే రూలు పెట్టారు. 2011కల్లా ఏడాదిపాటు మొదటి యజమాని దగ్గరే ఉండాలని మెలిక తగిలించారు. ఆ తర్వాత 2017లో ఫ్లెక్సీ పర్మిట్ తెచ్చారు. ఎవరికి వారే కఫీల్, నెలకు 30 దీనార్ల రుసుము, దానికి తోడు మిగతా ఖర్చులు. బ్లాకులో అమ్ముడుపోతున్న టికెట్టును తెచ్చి కౌంటర్లో పెట్టినట్టే. నాకు ఆ ఆలోచన నచ్చింది, ధర నచ్చలేదు. వంద దీనార్లు చేతికొచ్చేవాడు ముప్ఫై అక్కడ కట్టి, అద్దె కట్టి, ఊరికి ఏం పంపుతాడు? 2022లో దాన్నీ ఎత్తేసి కొత్త రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టారు.

ఇక లంచాల మాట. బహ్రెయిన్‌లో ఉన్న ప్రతి తెలుగువాడికీ ‘ఆఫీసరుకు ఇవ్వాలి’ అని డబ్బు ఇచ్చిన కథ ఒకటి ఉంటుంది. నాకో అనుమానం. అందులో చాలా డబ్బు ఏ ఆఫీసరుకూ చేరలేదు. లేబర్ మార్కెట్ రెగ్యులేటరీ అథారిటీలో, మనం ఎల్‌ఎంఆర్‌ఏ అనే ఆ ఆఫీసులో, ఇరవై నిమిషాలు వరసలో నిలబడితే అయ్యే పనికి మధ్యవర్తి రెండు వందల దీనార్లు వసూలు చేస్తాడు. ఆఫీసులో రుసుము కడతాడు, రసీదు చింపేస్తాడు, మిగిలింది జేబులో వేసుకుంటాడు. పాపం ఆ ఆఫీసరుకు తాను లంచం తిన్నట్టు కూడా తెలియదు! మనమేమో ఊరికి ఫోన్ చేసి, ఇక్కడ అందరూ తింటారని చెబుతాం.

తినేవాళ్లు లేరని కాదు. బహ్రెయిన్ అల్యూమినియం కంపెనీ అల్బాతో వ్యాపారం కోసం ఓ మధ్యవర్తి ద్వారా ఇక్కడి అధికారులకు లంచాలు ముట్టజెప్పిన కేసులో అమెరికా కంపెనీ అల్కోవా 2014లో 38.4 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. ఆ స్థాయి లంచం మన చాయ్ హోటల్ ముందు చర్చకు రాదు. మనకు తెలిసిన అంకెల్లో లేదు మరి.

మన వైపు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి దగ్గర 30 వేల రూపాయలు, దాని మీద పన్ను తప్ప పైసా తీసుకోకూడదని భారత ప్రభుత్వ నిబంధన. కొచ్చిలో 2015లో సీబీఐ పెట్టిన కేసు చూడండి. అప్పట్లో కువైట్ వెళ్లే నర్సుల దగ్గర 19,500 రూపాయలు తీసుకోవాల్సిన ఏజెన్సీ 19 లక్షల 50 వేలు తీసుకుందట. అంకెలు అవే, చివర రెండు సున్నాలు ఎక్కువ. వలస వెళ్లేవాళ్లను కాపాడవలసిన ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అధికారినే అందులో నిందితుడిగా చేర్చారు. జగిత్యాలలో భూమి అమ్మి ఏజెంటు చేతిలో లక్షలు పోసినవాడికి ఈ 30 వేల రూలు గురించి చెబితే, వెర్రివాణ్ని చూసినట్టు చూస్తాడు.

ఈమధ్య ఫోన్ మోసాలు కూడా పెరిగాయి. హిందీలో మాట్లాడి, ఇక్కడి గుర్తింపు కార్డు సీపీఆర్ నెంబరు అడిగి, ఓటీపీ చెప్పమంటారు. నాకు తెలిసిన ఒక వంటమనిషి ఆ ఉచ్చులో పడలేదు. కానీ గదిలో పక్క మంచంవాడే ఆయన సీపీఆర్ కాపీతో ఫోన్ కనెక్షన్లు తీసుకుని బిల్లులు ఎగ్గొట్టి పోయాడు. ఈయనకు విమానాశ్రయంలో తెలిసింది, తన మీద ట్రావెల్ బ్యాన్ ఉందని. ఆ పక్క మంచంవాడు ఎవరంటే, మళ్లీ మనోడే, పక్క మండలం వాడే.

కొత్త రిజిస్ట్రేషన్ మొదలయ్యాక ఓ శుక్రవారం ఒక కుర్రాడు నన్ను పక్కకు పిలిచాడు. సిరిసిల్ల వైపు వాడు.

“అన్నా, మీకు ఆఫీసుల సంగతి ఎరుకనట. దీనికి ఎంతయితది?”

రుసుములన్నీ ఎల్‌ఎంఆర్‌ఏ వాళ్లే ప్రకటించారని, రిజిస్ట్రేషన్ సెంటర్‌కు నేరుగా పోయి కట్టి రసీదు తీసుకొమ్మని చెప్పాను. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదన్నాను. కావాలంటే తోడు వస్తానన్నాను కూడా.

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“అది అందరికీ చెప్పే రేటే గదన్నా. మన రేటు ఎంతనో చెప్పుండ్రి.”