లేబుల్ మీది దేశం, లోపలి దేశం

సియాచిన్ హిమానీనదం మీద కాపలా కాసే జవానుకు తిండి, ఉన్నిబట్టల తరువాత అంతటి అవసరం బ్యాటరీ. రేడియో పలకాలన్నా, చీకటిలో శత్రువు జాడ కనిపించాలన్నా, డ్రోన్ పైకి లేవాలన్నా అదే ఆధారం. ఆ బ్యాటరీ ప్యాకు మీద భారతీయ సంస్థ పేరే ఉండవచ్చు. లోపలి సెల్ ఏ దేశంలో పుట్టిందో జవానుకు తెలియదు. తెలుసుకోవలసిన బాధ్యత అతనిది కాదు. అతని తరఫున కొనుగోలు పత్రం మీద సంతకం చేసేవారిది.

సెల్ వేరు, ప్యాకు వేరు. సెల్‌లను వరుసగా అమర్చి, వాటిని అదుపు చేసే సర్క్యూటును జతచేసి, పెట్టెలో బిగిస్తే ప్యాకు అవుతుంది. ఈ బిగింపు పని మన దేశంలో అనేక చోట్ల సాగుతోంది. లిథియం అయాన్ సెల్‌లు మాత్రం అత్యధికంగా దిగుమతి అయ్యేవే. ప్రపంచంలో తయారయ్యే ఈ సెల్‌లలో దాదాపు నాలుగింట మూడు వంతులు చైనావి. బ్యాటరీలకు పనికివచ్చేలా శుద్ధి చేసిన గ్రాఫైట్‌లో ఆ దేశపు వాటా 90 శాతానికి పైమాటే. 2023 డిసెంబరు 1 నుంచి ఆ గ్రాఫైట్ ఎగుమతికి చైనా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది.

ఇందులో పొంచి ఉన్న ప్రమాదాలు రెండు. మొదటిది, సరఫరా ఆగిపోవడం. తైవాన్‌తో వ్యాపారం చేసినందుకు 2024 అక్టోబరులో చైనా అమెరికన్ డ్రోన్ సంస్థ స్కైడియోపై ఆంక్షలు విధించింది. ఆ సంస్థ డ్రోనుకు ఒక్క బ్యాటరీ చొప్పున పంచుకోవలసిన స్థితికి వచ్చింది. రెండవది, సరఫరాలో కుట్ర దూరడం. అదే ఏడాది సెప్టెంబరు 17న లెబనాన్‌లో పేజర్లు పేలి వేలాదిమంది గాయపడ్డారు. పేలుడు పదార్థాన్ని బ్యాటరీలోనే దాచారని తరువాత వార్తలు వెల్లడించాయి. కొన్నవాడికి తన చేతిలోని వస్తువు ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియకపోవడమే అక్కడి విషాదం.

గల్వాన్‌లో 20 మంది సైనికులను పోగొట్టుకున్న తరువాత, 2020 జులై 23న కేంద్రం కొనుగోలు నిబంధనలను బిగించింది. భూసరిహద్దు పంచుకునే దేశాల బిడ్డర్లు ముందుగా నమోదు చేసుకుంటేనే టెండరులో పాల్గొనగలరు. అయితే, బిడ్డరు ముడిసరుకునూ విడిభాగాలనూ ఆ దేశాల నుంచే తెచ్చుకోవడానికి అదే ఏర్పాటులో వెసులుబాటు ఉంది. వాకిలికి తాళం వేసి దొడ్డితలుపు తెరిచి ఉంచడం అంటే ఇదే. ఆ తలుపు సంగతి ఆలస్యంగానైనా సైన్యానికి తెలిసివచ్చింది. చైనా విడిభాగాలున్నాయన్న కారణంతో 400 డ్రోన్ల ఒప్పందాలు రద్దయినట్టు 2025 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి.

ఇది మన చేతకాని పనేమీ కాదు. విశాఖపట్నంలోని నౌకాదళ ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్ర టార్పెడో వెండి-జింకు బ్యాటరీలతో నడుస్తుంది. అటువంటి ప్రత్యేక బ్యాటరీలను తయారుచేసే సంస్థలు హైదరాబాదులోనూ తమిళనాడులోనూ దశాబ్దాలుగా ఉన్నాయి. సైన్యం కొంటుందన్న భరోసాయే వాటిని నిలబెట్టింది. లిథియం సెల్‌లకు ఆ భరోసా ఇంకా దక్కలేదు. 2021లో 18,100 కోట్ల రూపాయలతో, 50 గిగావాట్ అవర్ల లక్ష్యంతో ప్రోత్సాహక పథకం ప్రకటించినా, నాలుగేళ్ల తరువాత నెరవేరింది అందులో స్వల్పభాగమే.

స్వదేశీ సెల్ ఖరీదెక్కువ అన్న అభ్యంతరం నిజమే. విదేశీ సెల్‌లను రేపే నిషేధిస్తే జవాను చేతిలో అసలు బ్యాటరీయే ఉండదన్నదీ నిజమే. అమెరికా కూడా ఆరు చైనా కంపెనీల బ్యాటరీలను తన సైన్యం కొనరాదని 2023 డిసెంబరులో చట్టం చేసి, అమలుకు 2027 అక్టోబరు వరకు గడువిచ్చింది. మనకూ అలాంటి గడువు కావాలి. కానీ గడువంటే వాయిదా కాదు. ముందు రేడియోలు, డ్రోన్లు, క్షిపణులు, తరువాత మిగిలినవి. ప్రతి టెండరులోనూ సెల్, ఆనోడ్, అదుపు సర్క్యూటు ఎక్కడివో రాతపూర్వకంగా చెప్పించాలి. చెప్పినదాన్ని తనిఖీ చేయించాలి. నిజాయితీగా నిలిచిన తయారీదారుకు ఐదారేళ్ల కొనుగోలు హామీ ఇవ్వాలి.

తక్కువ ధర కోట్ చేసినవాడికే టెండరు దక్కే పద్ధతిలో నమ్మకానికి వెల కట్టే గడి లేదు. ఆ గడిని చేర్చడానికి కొత్త గని గానీ, కొత్త కర్మాగారం గానీ అక్కరలేదు. నిబంధనను సవరించే ఒక్క ఉత్తర్వు చాలు.