పిల్ల చేతి పాస్‌బుక్

సిద్దిపేట వైపు ఒక పల్లెలో బ్రాంచి పోస్టాఫీసు నడుపుతాను. ఊళ్లో అందరికీ నేను పోస్టు మేడంనే. ఆఫీసంటే మా ఇంటి ముందు గది. అందులో ఒక బల్ల, ఒక బీరువా, తేదీ ముద్ర, వేలిముద్రల మిషను ఉంటాయి. పింఛన్లు పంచే రోజున ఊరి పిల్లల చేతికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ గదిలోనే తెలిసిపోతుంది. పింఛను డబ్బు లెక్కపెట్టుకోగానే అవ్వ పక్కన నిలబడ్డ మనుమడి చేతిలో పదో ఇరవయ్యో పెడుతుంది. దసరానాడు జమ్మి చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే పెద్దలిచ్చే నోట్లు, బతుకమ్మకు గునుగు, తంగేడు తెంపుకొచ్చి అమ్మితే వచ్చే పైసలు, చింతగింజల పైసలు, ఇవన్నీ గల్లగురిగిలో పడతాయి. పండుగ దాటాక గురిగి పగలగొట్టుకొని పిల్లలు నా దగ్గరికి వస్తారు.

పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీద పొదుపు ఖాతా తెరిచి, తామే సంతకం పెట్టి నడుపుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ. 2014లో రిజర్వు బ్యాంకు కూడా పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకునేలా బ్యాంకులకు వీలు కల్పించింది. మా దగ్గర ఇది పాత పద్ధతే. అయితే ఒకప్పుడు ఇరవై రూపాయలతో తెరిచే ఖాతాకు 2019 డిసెంబరు నుంచి ఐదు వందలు కావాలి. పల్లె పిల్లకు అది పెద్ద మొత్తం. తెరిచాక మాత్రం పది రూపాయలు తెచ్చినా జమ చేసుకుంటాం.

ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి రుమాలులో చిల్లర మూట కట్టుకొని వచ్చింది. రూపాయి బిళ్లలు, రెండు రూపాయల బిళ్లలు, ఐదు రూపాయల బిళ్లలు వేరువేరుగా పేర్చి తనే లెక్క చెప్పింది. పాస్‌బుక్ వచ్చేదాకా రోజూ బడి వదలగానే గుమ్మంలో నిలబడి అడిగేది. నెలలో పదో తారీఖు లోపు జమ చేస్తే ఆ నెలకూ వడ్డీ లెక్కలోకి వస్తుందని చెప్పాను. అప్పటి నుంచి పదో తారీఖు దాటనివ్వలేదు. మార్చి ఆఖరుకు వడ్డీ పడ్డప్పుడు పాస్‌బుక్‌లో ఆ అంకె చూసి, "ఇవి ఎవరు వేసిండ్రు మేడం?" అని అడిగింది. నూటికి ఏడాదికి నాలుగు రూపాయల వడ్డీ ఏమిటో ఆ పిల్లకు ఆ రోజు తెలిసింది. లెక్కల పుస్తకంలో బారువడ్డీ పాఠం అప్పటికింకా మొదలు కాలేదట.

తర్వాత నూట ఎనభై రూపాయలు తీసుకోవడానికి వచ్చింది. వెంట వచ్చిన తల్లి, "తియ్యనియ్యకు మేడం, ఒక్కసారి అలవాటైతే ఆగది" అంది. ఈ మాట నేను విననివారం ఉండదు. మన ఇళ్లలో పిల్లలకు డబ్బు వేయడం నేర్పుతాం గానీ తీయడం నేర్పం. పెద్దయ్యాక వాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది ఆ రెండోదే. తన డబ్బును ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో, దేనికి తీయాలో ఎన్నడూ నిర్ణయించని పిల్ల పొదుపు నేర్చుకున్నట్టు కాదు. పిల్ల మీద నమ్మకం ఉంచమని ఆ తల్లికి నచ్చజెప్పాను. అమ్మాయి ఫారం తీసుకొని అంకెల్లో రాసింది, అక్షరాల్లో "నూట ఎనభై" దగ్గర ఆగి నా ముఖం చూసి, మళ్లీ తనే రాసింది. సంతకం పెట్టి మొదటి సంతకంతో సరిపోల్చి చూసుకుంది. ఆ డబ్బుతో కోడిపిల్లలు కొంది. రెండింటిని పిల్లి ఎత్తుకుపోయింది. మిగిలినవి పెరిగాయి. ఇంకో పిల్లవాడు పాటలు వినిపించే చిన్న డబ్బా కొన్నాడు. అది నెల తిరగకముందే మూగబోయింది. మళ్లీ డబ్బు తీయడానికి వచ్చేముందు ఆ పిల్లవాడు నాతో చాలాసేపు ఆలోచన చేశాడు.

జేబు ఖర్చు సంగతికి వస్తే ఒక మాట గట్టిగానే చెప్పాలి. ఇంటి పనికి పిల్లలకు కూలి కట్టడం నాకు నచ్చదు. తిన్న కంచం కడుక్కోవడం, చాప చుట్టడం, కోళ్లు కమ్మడం ఇంట్లో ఉన్నందుకు అందరూ చేయాల్సిన పనులే. కాకపోతే మనకు తెలియకుండానే ఇంట్లో కూలి నడుస్తోంది. దుకాణానికి కొడుకును పంపుతాం, మిగిలిన చిల్లర ఉంచుకోమంటాం. బోళ్లు తోమి, వాకిలి ఊడ్చి, తమ్ముణ్ణి ఎత్తుకున్న బిడ్డకు ఆ చిల్లర ఉండదు. నా దగ్గరి పాస్‌బుక్‌లలో మగపిల్లల జమలు తరచుగా, ఆడపిల్లల జమలు పండుగలకే పడుతుంటాయి. "నా బిడ్డకు సుకన్య సమృద్ధి కడుతున్నా కదా" అంటారు. మంచి పథకమే, ఏడాదికి 250 రూపాయలతోనూ నడుస్తుంది, కట్టండి. కానీ పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆ ఖాతాను నడిపేది మీరే, బిడ్డ కాదు. వారానికి పదో ఇరవయ్యో, పనితో సంబంధం లేకుండా, కొడుకుకీ బిడ్డకీ ఒక్క తీరుగా ఇవ్వండి. ఆ పైన లెక్క వాళ్లదే.

ఎరువుల కాలంలో తండ్రులు పిల్లల ఖాతా వైపు చూస్తారు. ఇంటి అవసరం, తప్పు పట్టను. ఒక రైతు కూతురిని వెంటబెట్టుకొని వచ్చి, "బిడ్డా, పత్తి అమ్మినంక ఇస్త" అని నా ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నాడు. పత్తి అమ్మాక ఆ పిల్లతోనే జమ చేయించాడు. అప్పు తీసుకోవడం, తీర్చడం రెండూ ఆ పిల్ల చూసింది. పిల్లతో సంతకం పెట్టించి, ఎందుకో చెప్పకుండా డబ్బు పట్టుకుపోయేవాళ్లూ ఉన్నారు. అలా డబ్బు పోయిన పిల్లలు మళ్లీ పది రూపాయలు కూడా తేరు. వాళ్లను మళ్లీ పిలిపించడం నా వల్ల కాలేదు.

మీ పిల్లకు పదేళ్లు నిండితే ఐదు వందలు, ఆధార్, పుట్టిన తేదీ కాగితం, ఫోటోలు పట్టుకొని దగ్గర్లోని పోస్టాఫీసుకు రండి. పిల్లను తప్పకుండా వెంట తీసుకురండి. ఫారం తననే నింపనివ్వండి, పాస్‌బుక్ తన బడి సంచిలోనే ఉండనివ్వండి.