పాత సాంచ ఇంటికొచ్చిన దారి

అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో మూతపడ్డ షెడ్డు నుంచి పాత సాంచ ఒకటి కొన్నం. అశోక్ చౌక్ దగ్గరి మా ఇంటికి దారి కొంచెమే, భయం మాత్రం బోలెడు. చద్దర్లు నేసే సాంచ కాబట్టి ముందు జకార్డు విడిగా దించి, తాళ్లు చిక్కుపడకుండా కట్టలు కట్టి గుర్తులు పెట్టినం. టెంపోలో గోనెసంచులు పరిచి, నాలుగు మూలలా బిగించినం. మార్కండేయునికి నాన్న దండం పెట్టిండు. సందు మలుపులో ఆరుగురం పట్టినా గోడ గీసుకున్నది.

తుప్పు గీకి, కిరోసిన్‌తో కడిగి, నూనె పోసినం. తొందరపడి మట్టం చూడకుండానే నడిపితే నాడె ఎగిరి కిటికీకి తగిలింది. రోజూ అమ్మ కూర్చుని బీడీలు చుట్టేది అక్కడే! ఆ వేళ బీడీలు అప్పజెప్ప కార్ఖానాకు పోయింది గనుక బతికిపోయినం. కాళ్లకింద మట్టం చేసి, అరిగిన పిక్కర్ మార్చి, నాడెకు అడ్డంగా జాలీ కట్టినంకనే మళ్లీ నడిపినం.

మీరూ పాత సాంచ తెస్తే ముందు జాలీ కొనండి, తర్వాతే నూలు.