పర్చూరి మిరప కళ్లములో మూడు దినములు

గత మాఘమాసమున మేము భార్యాబిడ్డలతో మా స్వగ్రామమగు పర్చూరికి పోయి మూడు దినము లుంటిమి. గుంటూరిలో కాపురముండు మాకు ఇది పెద్ద ప్రయాణము కాదు. చిలకలూరిపేట మీదుగా దగ్గరి దారి యున్నది. అయినను మా అబ్బాయికి రైలు సరదా మెండగుటచే చీరాల వరకు రైలులో పోయి అచ్చట బస్సెక్కితిమి.

చీరాల వదలి కారంచేడు వైపు పోవుచుండగా దారి పొడవున వరి కోసిన చేలు కనబడెను. అవి క్రమముగా సన్నగిల్లి నల్లరేగడి మొదలయ్యెను. శనగ, పొగాకు, పత్తి, వీని నడుమ ఎర్రని తివాచీలు పరచినట్లు మిరప కళ్లములు. పర్చూరు మొదట గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలో చేరి, 2022లో బాపట్ల జిల్లాకు మారెను. జిల్లాలు మారినను మన్ను మారలేదు. వాన కురిసిన కాలి చెప్పు నూడబీకును. ఎండ కాసిన చేయి దూరునంత నెర్రెలు విచ్చును.

ఈ మన్నే మమ్ము బెదరించి ఊరు దాటించినది. మా నాయన పత్తి రైతు. 1987-88లో తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి నాశనమయ్యెను. మందు మీద మందు అరువు తెచ్చి కొట్టిన రైతులు అప్పులలో మునిగిరి. కొందరు ప్రాణములే తీసికొనిరి. మా నాయన ప్రాణము నిలుపుకొనెను గాని పొలములో సగము పోయెను. ఆ యేడే పదునైదేండ్ల మమ్ము పట్టణములోని హాస్టలులో చేర్చి, “ఈ మట్టిలో దిగవద్దు” అని చెప్పి వెళ్లిపోయెను. అటు తరువాత ఆ యింటికి మేము సెలవులకు వచ్చు చుట్టములమే.

ఇప్పుడు మా అమ్మాయికి పదునైదేండ్లు, అబ్బాయికి పదుమూడు. పైయేటి ఇంటర్మీడియటుకై అమ్మాయికి ఒక దూరపు పట్టణములోని నివాస కళాశాలలో సీటు మాట్లాడి ముందుగా కొంత సొమ్ము కట్టియుంటిమి. ఆమెతో చెప్పితిమే గాని ఆమె నడుగలేదు. నాటినుండి పిల్ల మాటలు తగ్గెను. “ఏమమ్మా, అట్లున్నావు?” అన్న “ఏమీ లేదు నాన్నా” అనును, సెల్ ఫోను చూచుచు కూర్చుండును. మేము కోపపడుదుము. ఆమె తలుపు వేసికొనును. ఇది మూడు నెలల కథ.

మన పెద్దలు పదునారేండ్ల కుమారుని స్నేహితునివలె చూడుమని చెప్పిరి. కుమార్తెను గూర్చి అంత మాట చెప్పిన జ్ఞాపకము లేదు. ఆమె అప్పటికే అత్తవారింట నుండెడిది గదా! 1929 నాటి శారదా చట్టము సైతము ఆడపిల్ల పెండ్లికి పదునాలుగేండ్లు చాలుననెను. పదునెనిమిది నిండవలెనన్న నియమము 1978లో గాని రాలేదు. కావున ఇంట మసలుచు చదువుకొను పదునైదేండ్ల కూతురు తండ్రికి క్రొత్త సంగతియే. ఆమెతో ఎట్లు మాటలాడవలెనో మా నాయనల వలన మేము నేర్చుకొనలేదు.

హాస్టలులనిన వట్టి చెరసాలలని మేము నిందింపము. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు గుంటూరిలో శారదానికేతనము స్థాపించిన దినములలో, ఇల్లు విడిచి చదువుకొనుట ఆడపిల్లకు లోకము తెరచిన వాకిలి. మేము సీటు కొన్నచోట ఆ వాకిలి కనబడలేదు. వేకువ అయిదు మొదలు రాత్రి పది వరకు చదువే యని అచ్చటి గుమాస్తా గర్వముగా చెప్పెను. మేమును గర్వముగానే వింటిమి.

రెండవనాడు ప్రొద్దుటనే మా అమ్మగారు అందరిని కళ్లమునకు తోలుకొనిపోయిరి. కోసిన పండుకాయను పట్టల మీద పలుచగా పరచి పది పదునైదు దినములు ఎండబెట్టుదురు. నడుమ నడుమ తిరుగవేయుదురు. మంచు తగులకుండ రాత్రి కుప్పచేసి కప్పుదురు. బాగుగ నెండిన కాయ చేత నాడించిన లోని గింజ గలగలలాడును. అప్పుడు స్త్రీలు బారులు తీరి కూర్చుండి, రంగు చెడి తెల్లబారిన తాలు కాయలను ఏరివేయుదురు. తాలు కలిసిన సరుకునకు గుంటూరు యార్డులో ధర తెగును. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని తుమ్ముచు నవ్వుచు ఏరు ఆ తల్లుల వేగము చూచి తీరవలెను. మా అబ్బాయి గడియలోపలనే కన్ను నలిపికొని గంతులు వేసెను. మా గృహిణి వాని కన్నులు కడిగి వేపచెట్టు నీడకు కొనిపోయెను.

అమ్మాయి ఫోను సంచిలో వేసి నాయనమ్మ పక్కను కూర్చుండెను. మిరపఘాటు చేతి నంటిన వేళ ఫోను ముట్ట నెవరికి ధైర్యము! మేము వారికి వీపు త్రిప్పి రెండు బారల దూరమున ఏరుచుంటిమి. చాలసేపు కాయల చప్పుడే వినబడెను. పిమ్మట అమ్మాయి గొంతు:

“నాయనమ్మా, హాస్టలుకి పోయిన రోజున నాన్న ఏడ్చాడా?”

“వాడు ఏడవలేదు తల్లీ. మీ తాత ఏడ్చాడు. వాడికి తెలియదు.” కొంతసేపు మాట లేదు. “ప్రతి శనివారం సాయంత్రం బస్టాండుకి పోయేవాడు. పొగాకు బేరగాడి కోసమని చెప్పేవాడు. ఆఖరు బస్సు వెళ్లాక ఇంటికొచ్చి, అబ్బాయి రాలేదని ఎన్నడూ అనలేదు. అన్నం పెట్టమనేవాడు.”

మా చేతిలోని కాయ చేతిలోనే యుండిపోయెను.

“నాకూ పోవాలని లేదు నాయనమ్మా,” అనెను అమ్మాయి. “చదవనని కాదు. ఇంట్లో ఉండి చదువుకుంటాను. నాన్న వినడు.”

మూడు నెలలు ఎదురుగా నిలువబెట్టి అడిగిన రాని మాట, వీపు వెనుక, తాలు ఏరుచుండగా వచ్చెను. సోదరీమణులారా, మీకిది వింత కాదు. చిక్కుడు ఈనెలు తీయుచు, జడ వేయుచు మీ పిల్లల మనసు మీరెరుగుదురు. చేతికి పని, చూపునకు ఆధారము ఉన్నప్పుడే యా వయస్సు నోరు విప్పును. తండ్రులము మేము మార్కుల కాగితమునకు ఇవతల నొకరము, అవతల నొకరుగా కూర్చుండి మాటలాడ బోవుదుము.

రాత్రి ఈ సంగతి మా గృహిణికి మెల్లగా చెప్పితిమి. ఆమె దుప్పటి సర్దుచు, “నాకు సంక్రాంతినాడే చెప్పింది. మీరే అడుగుతారేమోనని చూస్తున్నాను,” అనెను. మేము మారు పలుకలేదు.

మూడవనాడు మేము అమ్మాయి పక్కనే కూర్చుండి ఏరితిమి. మేమేమి యడుగలేదు, తెల్లదోమ యేటి కథ చెప్పితిమి. అప్పులవారు గుమ్మములో కూర్చున్నది, మా నాయన రెండు దినములు అన్నము ముట్టనిది, అమ్మినచెక్కకు గుర్తుగా నేటికి నున్న తుమ్మచెట్టు చూపితిమి. “అందుకనా, మమ్మల్ని చదువు చదువు అంటావు?” అనెను. అవునంటిమి. “భయపడుతున్నావని చెప్పొచ్చుగా నాన్నా! కోప్పడతావెందుకు?” అనెను. ఆ మాటకు మిరపఘాటు సాకుతో కన్నులు తుడిచికొంటిమి.

గుంటూరిలోనే ఇంటినుండి పోయి వచ్చు కళాశాల చూతమని నిశ్చయించితిమి. కట్టిన సొమ్ము తిరిగి రాదు. పిల్లకు రావలసిన ర్యాంకు గూడ పోవునేమో, తెలియదు. ఆ భయము మమ్మింకను విడువలేదు.

సాయంకాలము మా అమ్మగారు కారము డబ్బా, శనగల మూట చేత బట్టి బస్టాండు వరకు వచ్చిరి. బస్సు కదలువరకు నిలిచియుండిరి. అమ్మాయి కిటికీలోనుండి తల బయటపెట్టి, “శనివారం వస్తాం నాయనమ్మా!” అని కేక వేసెను. ఏ శనివారమని మేము అడుగలేదు.