చింతామణిలో తీరిన చింత

బెంగుళూరులో తరాలుగా కాపురముంటున్న మన తెలుగువారికి చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి కొత్త ఊళ్లు కావు. పెళ్లికో, పొలం పనికో, కైవారం తాతయ్య దర్శనానికో ఏడాదికొక్కసారైనా ఆ దారి పట్టనివారు అరుదు. మేము మాత్రం మొన్న ఆ మూడు ఊళ్లకూ ఒక కారు జబ్బును వెంటబెట్టుకొని పోవలసివచ్చింది.

కారు మా బావగారిది. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. క్లచ్చి ఉండదు, గేర్లు వాటంతటవే మారుతాయి. ఆయన పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి మా మేనల్లుడు దానిని కంటికి రెప్పలా చూసుకొంటున్నాడు. ఆరు నెలలుగా దానికొక జబ్బు పట్టుకొన్నది. నిలబెట్టి ఇంజను నడిపితే ఏ లోపమూ కనబడదు. డ్రైవులో వేసి ఆక్సిలరేటరు మీద కాలు మోపితే తడబడుతుంది, కుదుపుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మరీను. రెండుసార్లు లారీల నడుమ ఆగిపోయింది కూడా.

ఊళ్లో ఒక వర్క్‌షాపువారు ప్లగ్గులు మార్చారు, కాయిళ్లు మార్చారు, గేరుబాక్సు ఆయిలు మార్చారు. చివరకు గేరుబాక్సే పోయిందనీ, మార్చాలంటే కారు ఖరీదులో సగమవుతుందనీ తేల్చారు. మా చెల్లెలు, "ఆయన పోయారు. ఇక వీణ్ణి కూడా రోడ్డుకు అప్పగించలేను అన్నయ్యా. వచ్చే ఆదివారం బేరగాణ్ణి రమ్మన్నాను" అన్నది. మేనల్లుడు ఒక్కటే అడిగాడు: "అమ్మేలోగా నాన్న ఊరిదాకా ఒక్కసారి తీసుకుపోదాం మామా." బాగేపల్లి దగ్గర పల్లె వాళ్లది. పగటిపూట, నెమ్మదిగా, మేము పక్కన కూర్చొంటేనే అని చెల్లెలు షరతు పెట్టింది.

తెల్లవారుతూనే బయలుదేరి, నంది కొండను ఎడమచేతివైపు చూస్తూ చిక్కబళ్లాపురం చేరాము. 2007లో కోలారు నుంచి విడదీసినప్పటినుంచి ఇది జిల్లాకు ముఖ్యపట్టణం. దగ్గరలోనే ముద్దేనహళ్లి, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలం. ఆయన పూర్వులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం వారు. నీరు ఒక మట్టానికి రాగానే మనిషి చేయి పడకుండా వాటంతటవే తెరుచుకొనే తలుపులను ఆయన 1903లో పూణే దగ్గరి ఖడక్‌వాస్లాలో పెట్టించారు. ఆ సంగతి చెబితే మేనల్లుడు, "అవి మన కారులా మొరాయించలేదు కదా" అని నిట్టూర్చాడు.

అక్కడ ఒక ఎలక్ట్రీషియను కారుకు చిన్న యంత్రం తగిలించి, లోపలి కంప్యూటరు దాచుకొన్న ఫిర్యాదు చదివాడు. ఇంజనుకు గాలి ఎక్కువగా, పెట్రోలు తక్కువగా అందుతున్నదట. లోపలికి పోయే గాలిని కొలిచే మీటరును శుభ్రం చేసి పంపాడు. పేరేసంద్ర దాటకముందే పాత తడబాటు తిరిగివచ్చింది.

బాగేపల్లి సంగతి మీకు తెలిసినదే. బోర్డుల మీద కన్నడం, నోళ్లలో తెలుగు. అక్కడి గ్యారేజీ కుర్రవాడు పెట్రోలు ఒత్తిడి కొలిచి, "పెట్రోలు సరిగ్గానే వస్తాండాది సామీ, పంపు మీద తప్పు లేదు" అన్నాడు. డబ్బు పుచ్చుకోలేదు. పల్లెకు పోయి, బావగారి ఇంటి ముందు కారు నిలిపి, పెద్దమ్మ పెట్టిన రాగిసంగటి తిని, మధ్యాహ్నానికి చేలూరు మీదుగా చింతామణి దారి పట్టాము. దారిలో ఒక ఇరుకు చోట వేరుశనగ కట్టె వేసుకొని ట్రాక్టరు ఎదురువచ్చింది. దానికి దారి ఇవ్వడానికి మేనల్లుడు కారును వెనక్కి, మిట్టమీదికి, చాలాదూరం నడిపాడు. ఆ క్షణాన అందులో విశేషమేమీ మాకు తోచలేదు.

చింతామణి పొలిమేరలో కారు ఆగనే ఆగింది. ఎదురుగా ఒక రేకుల షెడ్డు. అందులోని ముసలి మేస్త్రీ బానెట్టు ఎత్తకుండానే అంతా విన్నాడు. విని, "రివర్సులో కూడా ఇట్లే చేస్తుందా నాయనా?" అని అడిగాడు.

మేనల్లుడూ మేమూ ముఖముఖాలు చూసుకొన్నాము. చేలూరు దగ్గర అంత మిట్ట వెనక్కి ఎక్కినా కారు ఒక్కసారి కూడా కుదపలేదు!

"గేరుబాక్సు మీద తరువాత అనుమానపడదాం" అన్నాడు మేస్త్రీ. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టించాడు. హ్యాండుబ్రేకు వేయించి, కాలిబ్రేకు గట్టిగా నొక్కమని, డ్రైవులో వేసి కొంచెం ఆక్సిలరేటరు ఇమ్మన్నాడు. ఇంజను ఒక పక్కకు ఒరిగింది, వెంటనే తడబడింది. రివర్సులో వేయించాడు. ఇంజను రెండవ పక్కకు ఒరిగింది, నిండుగా మోగింది. అప్పుడు అద్దం ముక్క ఒకటి కిందికి పట్టి మమ్మల్ని వంగి చూడమన్నాడు. గాలిమీటరుకూ ఇంజనుకూ నడుమ ఉన్న రబ్బరు గొట్టం, దాని అడుగు మడతలో, చిటికెనవేలంత పగులు.

సంగతి ఇదీ. మీటరు కొలిచిన గాలినిబట్టి కంప్యూటరు పెట్రోలు పోస్తుంది. మీటరు దాటిన తరువాత పగులులోంచి దూరిన గాలి లెక్కలోకి రాదు కనుక పెట్రోలు చాలదు. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చొని ఉంటుంది. చక్రాలను ముందుకు తోసేటప్పుడు అది ఒక పక్కకు ఒరుగుతుంది. ఈ కారులో దిమ్మ కూడా కుంగినందున మరికొంత ఎక్కువ ఒరిగి, గొట్టాన్ని లాగి, పగులు నోరు తెరుస్తుంది. రివర్సులో ఎదురు పక్కకు ఒరిగి ఆ నోరు మూసుకొంటుంది. నిలబెట్టి నడిపితే ఒరగడమే లేదు, అందుచేత వర్క్‌షాపులో జబ్బు కనబడలేదు. చిక్కబళ్లాపురం యంత్రం నిజమే చెప్పింది, బాగేపల్లి కుర్రవాడూ నిజమే చెప్పాడు. జబ్బు ఎప్పుడు వస్తుందని అందరూ అడిగారు. ఎప్పుడు రాదని అడిగినవాడు ఈ మేస్త్రీ ఒక్కడే.

ఆయన పగులుమీద సైకిలు ట్యూబు ముక్క బిగించి చుట్టి, రెండు క్లిప్పులు వేశాడు. "ఇది ఇల్లు చేరడానికే సామీ. కొత్త గొట్టం, కొత్త దిమ్మ వేయించండి" అన్నాడు. మూడు వందలు తీసుకొన్నాడు.

కైవారంలో దిగి తాతయ్యకు దండం పెట్టుకొన్నాము. తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన యోగి నారేయణ తాతయ్య ఒకప్పుడు గాజులమ్మి బతికినవారు. హొసకోట దాకా కారు ఎక్కడా తడబడలేదు. మేనల్లుడు మాట్లాడలేదు. ఒకసారి మాత్రం స్టీరింగును అరచేతితో నిమిరాడు.

గొట్టమూ దిమ్మా శనివారానికి వేయించాము. సాయంత్రం చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకొని వాడు ఊరంతా తిప్పి తెచ్చాడు. ఆదివారం బేరగాడు వచ్చాడు. చెల్లెలు కాఫీ ఇచ్చి పంపించివేసింది.