పని తీఱిన పిమ్మట ఎక్కడికి పోవును?

2020వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, కరోనా కారణముగా బడులు మూతపడుటకు కొద్ది దినములు ముందు, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నన్నొక ప్రశ్న యడిగెను. దానికి నేనిచ్చిన యుత్తరము తప్పు. ఆమె యెదుటనే ఆ తప్పు నొప్పుకొని దిద్దవలసియుండెను గాని, బడులు మరల సరిగా నడచునప్పటికి ఆ బాలిక పదవ తరగతి ముగించుకొని వెళ్లిపోయెను. ఆమె తమ్ముడు ఇప్పుడు మన బడిలోనే చదువుచున్నాడు గనుక ఈ సంచిక వారి యింటికి చేఱును. ఆ ఋణమును ఇచ్చట తీర్చుకొనుచున్నాను.

నాడు జరిగినది ఇది. వారి యింట నీటిని శుద్ధిచేయు ఫిల్టరు నొకదానిని క్రొత్తగా కొనిరి. దాని అట్టపెట్టెమీద "నానో వెండి" అని అచ్చువేసియుండెనట. "మాస్టారండీ, ఆ వెండి మా కడుపులోనికి పోదా?" అని ఆ బాలిక యడిగెను. వెనుక బల్లలవారు నవ్విరి. నేనును నవ్వితిని. "వెండి గిన్నెలో పాలు త్రాగిన బిడ్డలకు ఏమైనదమ్మా? ఎంత చిన్నదైనను వెండి వెండియే గదా! కూర్చుండుము" అంటిని. శిక్షణ కళాశాలలో నేను నేర్చుకొన్నదియు, పదునెనిమిది సంవత్సరములుగా నల్లబల్లమీద వ్రాయుచు వచ్చినదియు ఆ మాటయే: పదార్థమును ఎన్ని ముక్కలు చేసినను ముక్క ముక్కకును గుణ మొక్కటే. ఆమె కూర్చుండెను. తృప్తిపడి కూర్చుండలేదని ఆ ముఖమును చూచిన నాకు తెలియును.

నానో యనునది గ్రీకు భాషలో మరుగుజ్జు అను మాటనుండి వచ్చినది. మీటరును నూఱుకోట్ల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. మన తలవెండ్రుక మందము ఇంచుమించు 80,000 నానోమీటర్లు. మీ చేతిగోరు ఒక్క సెకనులో పెరుగునది దాదాపు ఒక నానోమీటరు. ఒకటి మొదలుకొని నూఱు నానోమీటర్లవఱకు గల రేణువులను చేసి వానిచేత పని జరిపించు విద్యకే నానోటెక్నాలజీ యని పేరు. 1974లో జపానుదేశస్థుడైన నోరియో తానిగూచి ఈ మాటను మొదట వాడెను.

ఇంత చిన్నవి చేసినచో ఏమగును? ఒక సెంటీమీటరు ఘనమును తీసికొనుడు. దాని ఆఱు ముఖముల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే నానోమీటరు ఘనములుగా కోసినచో ఆ ముక్కల ముఖములన్నియు కలిసి 6,000 చదరపు మీటర్లగును, అనగా ఇంచుమించు ఎకరమున్నర. చేతిలో పట్టు వస్తువు ఎకరమున్నర పొలమంత మేర గాలిని, నీటిని, రక్తమును తాకజొచ్చును. తాకు మేర పెరిగినప్పుడు పని పెరుగును. అంతే కాదు, కొన్నిట రంగు సయితము మాఱును. తన చిన్న క్రైస్తవ సంఘమునకు పెద్దగా నుండి పరిచర్య చేసిన మైఖేల్ ఫారడే మహాశయుడు 1857లో లండనునగరమున బంగారమును మిక్కిలి సన్నని రేణువులుగా నీటిలో నిలిపి చూపినప్పుడు ఆ నీరు పసుపుపచ్చగా గాక కెంపువలె ఎఱ్ఱగా నుండెను. ఆ సీసాలు నేటికిని అచ్చటి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో భద్రముగా నున్నవి. ఎంత చిన్నదైనను అదే పదార్థమని నేను తరగతిలో పలికిన మాటను ఫారడేగారి సీసా నూఱేండ్లకు పైగా కాదనుచునే యున్నది. నాకు వినబడలేదు.

వినబడినది మా అక్క వ్యాధి మూలమున. ఆమె ముప్పది సంవత్సరములు బాలికల హాస్టలులో వార్డెనుగా నుండెను. హాస్టలునకు ఏ క్రొత్త వస్తువు వచ్చినను, అది యెట్లు పనిచేయునని గాక, దాని ఖాళీ డబ్బాలు ఎక్కడ వేయుదురు, కడిగిన నీరు ఎటు పోవును అని ముందుగా నడుగుట ఆమె యలవాటు. 2019లో అండాశయములో క్యాన్సరు కనబడి చికిత్స జరిగినది. 2021లో అది తిరుగబెట్టెను. అప్పటికే ఆమె గుండె బలహీనముగా నుండెను. వాడవలసిన డాక్సోరూబిసిన్ అను ఎఱ్ఱని మందు గుండెకు చేటు చేయగలది. (ఆ మందుల కుటుంబమునకు మూలము ఇటలీదేశమున ఒక కోటదగ్గఱి మట్టిలో దొరకిన సూక్ష్మజీవి, మట్టిలో దేవుడు ఏమేమి దాచెనో!) కావున వైద్యురాలు ఆ మందునే క్రొవ్వు బుడగలలో నింపి యిచ్చు రకమును వాడుదుమని చెప్పెను. వయసున చిన్నదైనను ఓపికగల తల్లి. చీటీ వెనుక సున్నలు గీసి మాకు బోధపఱచెను. ఒక్కొక్క బుడగ నూఱు నానోమీటర్లకు లోపుగా నుండును. ఆరోగ్యముగల చోట రక్తనాళముల గోడ బిగువుగా నుండుటచేత ఈ బుడగ వెలికి రాలేదు. క్యాన్సరు గడ్డలో హడావిడిగా పెరిగిన నాళముల గోడకు సందు లుండుటచేత అచ్చట జాఱి గడ్డలో దిగును. గుండె చాలవఱకు తప్పించుకొనును. అమెరికాలో 1995లోనే ఈ మందునకు అనుమతి వచ్చినది. 2012లో అచ్చట దీనికి కొఱత కలిగినప్పుడు మన దేశమున సన్ ఫార్మావారు చేసిన మందును వారు తెప్పించుకొనిరి.

ఇంటికి వచ్చితిమో లేదో, నానో యను మాట మాకంటె ముందు చుట్టముల యిండ్లకు చేఱెను. ఆ దినములలో మన సంఘములలో తిరిగిన వదంతిని చదువరులు మఱచియుండరు. టీకాలో కంటికి కానరాని చిప్పు కలదనియు, అది ప్రకటన గ్రంథము పదమూడవ అధ్యాయములోని ముద్ర యనియు ఫోనునుండి ఫోనునకు ప్రాకెను. మన యూళ్లలో అందఱికిని వేసిన కోవిషీల్డులోను కోవాగ్జినులోను ఈ క్రొవ్వు రేణువులే లేవు. అవి యున్నవి విదేశములలో 2020 డిసెంబరు మొదలుకొని వేసిన ఫైజరు, మోడెర్నా టీకాలలో. అచ్చటను ఆ రేణువులు మోసినది ఎంఆర్‌ఎన్ఏ యను సందేశ పదార్థమునే గాని ఏ యంత్రమును కాదు. ఇదంతయు నాకు తెలియును. అయినను ఆదివార మారాధన ముగిసిన పిమ్మట గుడి మెట్లమీద ఆ మాట లాడుకొనుచుండగా, పెద్దవారితో వాదమెందుకని నేను మిన్నకుంటిని. ఆ మౌనము మా యింటికే వచ్చెను. వరుసకు పిన్నమ్మ యగు నొకామె అక్క మంచముదగ్గఱ కూర్చుండి, కన్నీటితో, "ఆ నానో మందు ఒంటికి ఎక్కించుకొనకమ్మా, ఆత్మ పోగొట్టుకొనకమ్మా" అని బ్రతిమాలెను. ఆమెది ప్రేమయే, నేను కాదనను. అక్క రెండు దినములు ఆసుపత్రికి రానని చెప్పెను. మూడవ దినమున నన్ను పిలిచి యడిగినది చిప్పునుగూర్చి కాదు.

"తమ్ముడూ, ఆ బుడగ మందును దింపును సరే. పని తీఱిన పిమ్మట అది యెక్కడికి పోవును?"

విజ్ఞానశాస్త్రము బోధించు నా దగ్గఱ ఉత్తరము లేదు. తరగతిలోని ఆ బాలిక నాకు అప్పుడు జ్ఞాపకము వచ్చెను. ఇద్దఱు అడిగినదియు ఒక్కటే.

వైద్యురాలిని అడిగితిమి. ఆ బుడగ గోడ మన శరీర కణముల గోడవంటి క్రొవ్వుతోనే చేయబడినదనియు, అందు సోయా చిక్కుడునుండి తీసినదియు కొలెస్టరాలును కలవనియు, శరీరము దానిని తక్కిన క్రొవ్వువలెనే విఱిచి వాడుకొనుననియు ఆమె చెప్పెను. "సోయాయా? హాస్టలులో వారమునకు రెండుమాఱులు వండించితిని" అని అక్క నవ్వెను. అటుపిమ్మట ఆమె భయపడలేదు. అయితే వైద్యురాలు మఱియొక మాటయు దాచక చెప్పెను: అరచేతులును అరికాళ్లును మంటపుట్టి చర్మము ఊడవచ్చును. ఒత్తిడి తగులు చోట్ల సన్న నాళములనుండి ఆ బుడగలు కొంత జాఱుటచేతనని వైద్యులు తలంచుచున్నారు. అనగా గుండెను తప్పించిన చిన్నతనమే చేతులను పట్టుకొనును.

అట్లే జరిగెను. నాలుగు వారములకు ఒకమాఱు మందెక్కించిరి. తల వెండ్రుకలు అంతగా రాలలేదు, గుండె నిలిచెను. మూడవమాఱు తరువాత అరచేతులు ఎఱ్ఱగా కంది పొరలు పొరలుగా ఊడిపోయెను. వందలకొలది బాలికలకు జడలల్లిన చేతులవి. అన్నము కలుపుకొనలేకపోయినందున నా భార్య ముద్దలు చేసి పెట్టుచుండెను. అక్క సిగ్గుపడి గోడవైపు తిరిగి నమలెడిది. వైద్యురాలు తరువాతి మందును రెండు వారములు వెనుకకు జరిపి మోతాదు తగ్గించెను. చర్మము మరల వచ్చెను. రెండు క్రిస్మసు పండుగలు ఆమె మాతో నుండెను. 2023 మార్చిలో ప్రభువునందు నిద్రించెను.

అప్పటినుండి అట్టపెట్టెమీద నానో యను మాట ఎచ్చట కనబడినను నేను అక్క ప్రశ్ననే అడుగుచున్నాను. ఇంగ్లండులోని రాయల్ సొసైటీవారు 2004లోనే, ఒక పదార్థమును నానో రేణువులుగా చేసినప్పుడు దానిని క్రొత్త పదార్థముగానే యెంచి పరీక్షింపవలెనని సలహా యిచ్చిరి. నేను తరగతిలో చెప్పినదానికి ఇది సరిగా ఎదురు. చెమటకంపు రాకుండుటకు వెండిరేణువులు చేర్చిన మేజోళ్లను అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు నీటిలో ఉతికి చూచి 2008లో ప్రకటించిరి: కొన్నిటినుండి వెండి ఉతికిన నీటిలోనికి వచ్చెను. ఆ నీరు కాలువకు, కాలువ చెఱువుకు. అదే సంవత్సరమున ఎడింబరో శాస్త్రజ్ఞులు పొడవైన కార్బను నానోగొట్టములను ఎలుకల ఉదరములో ప్రవేశపెట్టి చూడగా అవి ఆస్బెస్టాసు నూలువలెనే వాపు కలిగించెను. కరగవు, విఱుగవు, కదలవు. క్రొవ్వు బుడగకు నేరుగా విరుద్ధము. మిఠాయిలకు తెలుపు నిచ్చు టైటానియము డయాక్సైడులో కొంత పాలు నానో రేణువులే. దానిని ఆహారమున వాడుటను ఫ్రాన్సు 2020లోను, ఐరోపా సమాఖ్య అంతయు 2022లోను నిలిపివేసెను. కీడు ఋజువైనందున కాదు. కీడు లేదని నిశ్చయముగా చెప్పజాలనందున.

భయము తప్పు ద్వారమున ప్రవేశించిన కథయు నొకటి కలదు. జర్మనీలో 2006లో మరుగుదొడ్లను శుభ్రపఱచుటకు "మాజిక్ నానో" అని పేరుపెట్టిన తుంపర డబ్బాలు అమ్మిరి. కొద్ది దినములలో దాదాపు నూఱుమందికి ఊపిరి కష్టమైనది. నానోటెక్నాలజీ చేసిన మొదటి కీడని పత్రికలు గగ్గోలు పెట్టెను. తీరా పరీక్షింపగా ఆ డబ్బాలలో నానో రేణువులే లేవు! అమ్మకమునకు పెట్టిన పేరు అమ్మినవాని మెడకే చుట్టుకొనెను. మా పిన్నమ్మ భయమునకును ఆ పత్రికల భయమునకును నాకు పెద్ద భేదము కనబడలేదు. ఇద్దఱును పేరును చూచి భయపడిరి.

రైతులైన తల్లిదండ్రులు ఈ పుటను చదువుదురు గనుక నానో యూరియా మాటయు చెప్పవలెను. 2021లో ఇఫ్కోవారు దీనిని తెచ్చినప్పుడు అరలీటరు సీసా ఒక యూరియా బస్తాకు బదులు పనిచేయుననిరి. పదవ తరగతివారిచేత లెక్క కట్టించితిని. సీసాలో నూటికి నాలుగు పాళ్లు నత్రజని, అనగా 20 గ్రాములు. 45 కిలోల బస్తాలో నూటికి 46 పాళ్లు, అనగా 20 కిలోల 700 గ్రాములు. వేయింతలకు పై భేదము. ఆకుమీద చల్లినది వృథాపోదని తయారుచేసినవారి వాదము. పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు పొలములో వేసి చూడగా నేలకు వేయు యూరియాను తగ్గించి దీనిని చల్లిన చోట వరియు గోధుమయు దిగుబడి తగ్గెను. తరువాత 2024లో నత్రజని పాలు పెంచిన రకము వచ్చెను. ఎరువు మానుడని గాని వాడుడని గాని నేను చెప్పుట లేదు. సీసా కొనుటకు ముందు మీ పిల్లవానిచేత ఆ గుణకారము చేయింపుడు.

ఇక, అమ్మాయీ, నీ ప్రశ్న. వెండి మీ కడుపులోనికి పోవును. కొద్దిగా పోవును. ఆ రేణువు నీటిలో కొంచెము కొంచెముగా కరగి అయానులను విడుచును; సూక్ష్మజీవులను చంపునవి అవియే. ఏమాత్రము కరగకున్నచో మీ ఫిల్టరు పనియే చేయదు. వెండి గిన్నెనుండియు కొంత కరగును గాని, రేణువునకు మేర యెక్కువ గనుక తూకమునకు తూకము ఇది మిక్కిలి యెక్కువగా విడుచును. అందుచేత నా గిన్నె పోలిక చెల్లదు. మన దేశపు త్రాగునీటి ప్రమాణమునుబట్టి లీటరులో వెండి 0.1 మిల్లిగ్రామును మించరాదు. హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనాలయమువారు కాల్చిన మట్టి క్యాండిలుకు వెండిరేణువులను పట్టించు పద్ధతిని రూపొందించిరి. 2009లో టాటావారు ఊక బూడిదకు పట్టించి ఫిల్టరు చేసిరి. రేణువులు పట్టు వదలకుండ నిలుపుటయే ఆ పనిలోని నేర్పు. మీ ఫిల్టరు పెట్టెమీద ఆ 0.1 అంకెనుగూర్చి ఏదైన వ్రాసియున్నదేమో చూడుము. లేనియెడల అందున్న చిరునామాకు ఒక ఉత్తరము వ్రాయుము. నీవు అడిగిన నాడు నేను చెప్పవలసినది ఇంతమాత్రమే.

మఱియొకటి. ఈ పాటికి మీరు ఆ క్యాండిలును రెండు మూడుమాఱులు మార్చియుందురు. తీసివేసిన పాత క్యాండిళ్లను మీ యింటివారు ఎక్కడ వేసిరో కనుగొని, తమ్మునిచేత నాకు ఒక చీటీ పంపుము.