నావ నమూనాకు మోకు పేనాల్సిందే

కోనసీమలోని దిండి రేవులో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఇంజిను హౌస్‌బోట్లే. ఇక్కడికి ఈశాన్యాన, గోదావరి గౌతమి పాయ వైపున్న కోరంగిలో మాత్రం ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టేవారు. 1839 తుపాను ఆ రేవును ఊడ్చేసింది. అలాంటి ఓడకు నమూనా చేసేటప్పుడు చెక్కపనిలో చూపిన శ్రద్ధ తాళ్ల దగ్గర సడలిందంటే శ్రమంతా వృథా అని నా అభిప్రాయం. తెరచాప ఓడకు తాళ్లే నరాలు. అసలు మోకులో మూడు పేటలుంటాయి. ఒక్కో పేటకు ఒక దిక్కుగా పురిపెట్టి, మూడింటినీ ఎదురు దిక్కుగా పేనుతారు. విడిపోబోయే ఒక పురిని రెండోది పట్టి నిలుపుతుంది. 1:50 నమూనాలో 25 మిల్లీమీటర్ల మోకు అర మిల్లీమీటరే అవుతుంది. అంత సన్నంలోనూ ఏటవాలు పేటలు కంటికి ఆనుతాయి. కొన్న కుట్టుదారంలో ఆ పేటలు తేలవు, పైగా నూగు లేస్తుంది. అందుకే నూలు పోగులతో మనమే పేనుకోవాలి.

కోనసీమలో ఉండి కొబ్బరిపీచు వదిలేసి నూలు పేనడమేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, ఉప్పునీటికి తట్టుకునే పీచుతాడు ఈ నేల పనితనం. కానీ పీచు పోగు బిరుసు, పొడవు మూరకు లోపే. అర మిల్లీమీటరు తాడుకు అది లొంగదు. కాబట్టి సరుకు మార్చుకోవచ్చు, పేనే పద్ధతిని మార్చకూడదు. నమూనా తలపెట్టినవారు ముందు తాళ్లు పేనే రాట్నం దగ్గర కాసేపు నిలబడి, పురి ఎటు తిరుగుతోందో చూడండి.